సినిమాలో పగ, ఇంట్లో పగ

మొన్న ఆదివారం టీవీలో 'మోసగాళ్ళకు మోసగాడు' వేశారు. 1971లో ఆరుద్రగారు రాస్తే కె.ఎస్.ఆర్. దాస్ తీసిన మన తెలుగు కౌబాయ్ సినిమా. మా మామగారికి కృష్ణ అంటే ప్రాణం. ఆ గుర్రాలూ, ఎడారీ, తుపాకులూ చూసి మా చిన్నోడూ టీవీకి అతుక్కుపోయాడు. అమ్మానాన్నల్ని చంపినవాళ్ల మీద హీరో పగ తీర్చుకుంటుంటే ఒకటే చప్పట్లు.

చెనిక్కాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ, "సినిమాలో పగ మూడు గంటల్లో అయిపోతాది నాయనా. ఇంట్లో పగే ఎప్పటికీ అయిపోదు" అనింది.

మామగారు మాట్లాడకుండా సౌండ్ తగ్గించారు.

ఇదే ముదిగుబ్బలో, రెండు వీధుల అవతల మా మరిది కాపురం. చేని గట్టు దగ్గర మాటామాటా పెరిగి ఆరేళ్లయింది. మా ఆయన ఆ దోవనే పోడు. అత్తమ్మ మాత్రం గుడికని చెప్పి, వాళ్లింటికి వెళ్లొస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ పగకు నీళ్లు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. తోడికోడలు అన్న ఒక్క మాటను ఆరేళ్లుగా మోస్తున్నా.

సాయంత్రం ఓళిగలు చేసి, డబ్బాలో పెట్టి, "చిన్నాన్నవాళ్లింట్లో ఇచ్చిరాపో" అని చిన్నోణ్ణి పంపాను. మా ఆయన చూశాడు, ఏమీ అనలేదు.

డబ్బా ఇంకా తిరిగి రాలేదు. రేపు నేనే పోయి తెచ్చుకుంటా.