మూపురం లేని ఆవు

మా రాయలసీమలో ‘సీమ’ అన్న మాటకు రెండర్థాలు. ఒకటి మేమున్న సీమ. రెండోది సముద్రాల కవతలి సీమ. సీమచింత, సీమవంకాయ, సీమసున్నం - ఇవన్నీ ఆ రెండోదాని బాపతు. ఆ వరుసలో వచ్చి మా చిత్తూరు పల్లెలను అన్నిటికన్నా యెక్కువగా మార్చివేసింది మాత్రం సీమావు.

పడమటి పశుపోషణ ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క తీరుగా అడుగుపెట్టింది. 1873లో ఎడ్విన్ డన్ అనే అమెరికన్ ఆ విద్య నేర్పడానికి జపాను వెళ్ళే నాటికి, అక్కడి సామాన్యులకు పాలు తాగే అలవాటే లేదు. మనకట్లా కాదు. సీమావు వచ్చేనాటికి పెరట్లో మన ఆవు వుండనే వుంది. అంటే, మన యింటికి వచ్చింది కొత్తకోడలు కాదు, సవతి!

మా పలమనేరు వైపు పెద్దభార్య పుంగనూరు ఆవు. మూడడుగుల యెత్తు వుండదు. పిడికెడు గడ్డితో తృప్తిపడుతుంది. పాలు కొంచెమే అయినా వెన్న మాత్రం యెంతో హెచ్చు. రెండోది జెర్సీ. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ వున్న చిన్న ద్వీపం దాని పుట్టిల్లు. అది ఓడ దిగి మా వూరు రానక్కరలేకపోయింది. ఆ జాతి ఆబోతు బీజాన్ని సున్నకు 196 డిగ్రీలు దిగువన, ద్రవ నత్రజనిలో నిలవచేసి తెచ్చి, నాటు ఆవుకు ‘సూది’ వేస్తే చాలు. తొమ్మిది నెలలు దాటేసరికి పెరట్లోనే సగం సీమదూడ! 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల వెలిసింది. అక్కడ చదివిన డాక్టర్లు పల్లెలకు రాసాగారు.

మా యింట అట్లా పుట్టిన పెయ్యదూడ వీపు తడిమి చూసి మా అవ్వ, “మూపురమే లేదు, ఇదేం ఆవురా నాయనా!” అన్నది. ఆమె దిగులు వుత్త చాదస్తం కాదు. కాడి ఆనేది మూపురానికే. పైగా సీమ రక్తం మా యెండకు తాళలేదు. నాటు కోడె పుడితే సేద్యగాడికి పండుగ. సీమ కోడె పుడితే మేత దండుగ.

అయినా మా నాయన ఆ పెయ్యను అమ్మలేదు. తర్వాత వానలు మొగం చాటేశాయి. చెనక్కాయ చేలో చల్లిన విత్తనం కూడా తిరిగి రాని యేడు, పాలకేంద్రం నుంచి వచ్చిన డబ్బే మా పిల్లల బడిజీతాలు కట్టింది. ‘పాడిపంటలు’ అన్న మాటలో పాడి ముందెందుకు నిలిచిందో మాకు ఆనాడు తెలిసింది.

పాలకేంద్రంలో ధర కట్టేది వెన్న శాతం చూసి. లీటరు లెక్కన పుంగనూరుదే గెలుపు. బిందె లెక్కన సీమావుదే. సంసారం నడిచేది మాత్రం బిందె లెక్క మీద. ఒకరిని చూసి ఒకరు సూది వైపు మొగ్గారు. పొట్టి ఆవు పెరళ్ళలో కరువైంది. చివరకు పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం దాని వంశం నిలపడానికి పూనుకోవలసి వచ్చింది. 2024 సంక్రాంతినాడు ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. వూళ్ళో విలువ లేనిది పట్నంలో ముచ్చట అయింది!

సీమావును నేను తప్పు పట్టను. దాని వుప్పు, కాదు, దాని పాలు తిన్న కుటుంబం మాది. కాని దాని కడుపు పెద్దది. పచ్చగడ్డీ, దాణా, బోరునీళ్ళూ అన్నీ కావాలి. బోరు యెండిననాడు పిడికెడు గడ్డితో సరిపెట్టుకునేది ఆ పొట్టిదే. బిందె నింపిన దాని ఋణం తీర్చుకుందాం. కరువులో నిలిచే దానికీ పెరట్లో ఒక గుంజ వుంచుదాం.