సేల్‌లో కొన్న ఆటలు, నాన్న అడిగిన రేటు

డిస్కౌంట్ అంటే చాలు, అవసరం ఉందా లేదా అని చూడకుండా కొనేసే అలవాటు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. ఆవిడవి ఆషాఢం చీరలు, నావి స్టీమ్‌లో ఆటలు. తేడా అల్లా, ఆవిడ కొన్న చీర ఒక్కసారైనా కడుతుంది. నా లైబ్రరీలో ఇంతవరకూ ఇన్‌స్టాల్ కూడా చెయ్యనివి ముప్పై పైచిలుకు మూలుగుతున్నాయి.. (నవ్వకండి, మీ సంగతీ నాకు తెలుసు.)

మొన్నటి వింటర్ సేల్ 2025 డిసెంబర్ 18న మొదలై 2026 జనవరి 5 దాకా నడిచింది. ఈసారి మూడంటే మూడే కొంటాను, కొన్నవి ఆడి తీరతాను అని ఒట్టు పెట్టుకున్నాను. అప్పుడు మా క్లయింటు వాళ్ళంతా సెలవుల్లో ఉన్నారు, ప్రొడక్షన్ ఫ్రీజ్. ఆఫీసుకెళ్ళి కాఫీ తాగి రావడమే పని. ఇంతకన్నా మంచి ముహూర్తం మళ్ళీ దొరకదు కదా! కొన్నవేమో ఎల్డెన్ రింగ్, పేపర్స్ ప్లీజ్, స్టార్డ్యూ వ్యాలీ. మూడూ పాతవే. సినిమా టీవీలో వచ్చేదాకా ఆగేవాళ్ళున్నట్టే, ఆట పాతబడి రేటు తగ్గేదాకా ఆగే రకం నేను.

ఎల్డెన్ రింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే నేను ఎక్కువ చూడలేదు. 2022లో జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆట. మొదట్లో గుహలోంచి బయటికి రాగానే పెద్ద మైదానం, అక్కడ బంగారు కవచం వేసుకుని గుర్రం మీద తిరుగుతూ ఒకడు. సరిగ్గా దారిలోనే ఉన్నాడు కదా, వీణ్ణి చంపితేనే ముందుకి పోనిస్తారనుకున్నాను. రెండు రాత్రులు వాడి చేతిలో చస్తూనే ఉన్నాను. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటలూ వీడే తినేశాడు. మూడో రోజు లంచ్ దగ్గర ఏడుపు వెళ్ళబోసుకుంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, అసలు వాడితో మిమ్మల్ని ఎవరు పెట్టుకోమన్నారు? పక్కనుంచి వెళ్ళిపోవాలి. లెవెల్ పెరిగాక తిరిగొచ్చి వాడి సంగతి చూడాలి" అన్నాడు. ఈ ముక్క ఆటలో ఎవరూ చెప్పరు. (ఆరేళ్ళ ఉద్యోగంలో నాకూ ఎవరూ చెప్పలేదు, అది వేరే కథ లెండి.)

పేపర్స్ ప్లీజ్ మాత్రం నన్ను పట్టుకుంది. లూకస్ పోప్ అనే ఆయన 2013లో విడుదల చేసిన ఆట. 1982 నవంబర్. ఆర్స్‌టోట్జ్‌కా అనే లేని దేశం సరిహద్దులో మనం పాస్‌పోర్టులు చూసే గుమాస్తాలం. వచ్చిన మనిషి కాగితాలు చూడాలి, తేదీలు, ఫోటో, పేరు అన్నీ సరిపోతే ఆకుపచ్చ ముద్ర, లేకపోతే ఎర్రముద్ర. తప్పు లేకుండా చూసిన ఒక్కో మనిషికి ఐదు క్రెడిట్లు. వాటిలోంచే సాయంత్రానికి అద్దె, తిండి, చలికి హీటింగు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మావయ్య. రోజూ రూల్స్ మారుతుంటాయి. అచ్చం మన రిక్వైర్‌మెంట్స్ లాగే.

ఇందులో పేరు తేడా పట్టుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. ఎందుకో చెప్తాను. నా పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. డిగ్రీలో ఆ అక్షరం వచ్చి చివర కూర్చుంది. ముగ్గురూ నేనే అని రుజువు చెయ్యడానికి ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గర అరపూట నిలబడి, అఫిడవిట్ రాయించుకొచ్చి, మళ్ళీ నిలబడ్డ మనిషిని నేను. మీలో సగం మంది ఇది చేసే ఉంటారు. అలాంటి నేను, ఆటలో పేరు కలవని వాడు కనపడగానే "దొరికాడు, ఐదు క్రెడిట్లు" అనుకున్నాను. వాడికి ఇంకో పేరు ఉందేమో వేలిముద్రలు తీసి చూసే పద్ధతి ఆటలోనే ఉంది. టైమ్ పోతుందని కొన్నిసార్లు అదీ చూడలేదు. ఆ రోజు కౌంటర్ వెనకాల కూర్చున్నాయన మీద నాకున్న కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఉంచుకున్నాను లెండి, మళ్ళీ పనికొస్తుంది :)

ఇక స్టార్డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళ పైన కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తనే చేసుకుని 2016లో విడుదల చేశాడు. 2024 చివరికి 4 కోట్ల 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. కథ మొదలవడమే మన మీద దెబ్బ. పెద్ద కంపెనీలో క్యూబికిల్లో కూర్చుని కీబోర్డు కొట్టుకునే మనిషి, తాత పోతూ పోతూ ఇచ్చిన ఉత్తరాన్ని సొరుగులోంచి తీసి చదువుతాడు. తాత వదిలిపోయిన పొలం ఉంది, వెళ్ళి చేసుకోమని. వెళ్తాడు. అంతే, మిగతా అంతా వ్యవసాయం. వీకెండ్ వస్తే మొయినాబాద్ వైపు ఫామ్ ప్లాట్లు చూసొచ్చే మన జనాభాకి ఇంతకన్నా కావాల్సింది ఏముంది?

ఈ ఆటని లాప్‌టాప్‌తో పాటు సంక్రాంతికి ఊరికి పట్టుకెళ్ళాను. మాది పల్నాడు. నాన్న వేసేది మిరప. భోగి రాత్రి భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని ఆడుకుంటుంటే నాన్న వచ్చి పక్కన కూర్చుని, కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఏం పంటరా అది?"

"మిరప నాన్నా." (నిజంగానే ఉంది, ఎండాకాలం పంట.)

"నాటి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు. రేపు కాపుకొస్తది."

నాన్న అంత గట్టిగా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. "ఇదిగో, నీ కొడుకు ఐదు రోజుల్లో కాయలు కోస్తాడంట, చూద్దువు రా" అని అమ్మని కేకేశాడు. అమ్మ రాలేదు, అరిసెల దగ్గర ఉంది. ఇంక నాకు ఇంటర్వ్యూ మొదలైంది. విత్తనం ఎంత? 40. కాయ ఎంత? 40. మళ్ళీ ఎన్నాళ్ళకి కోత? మూడు రోజులకోసారి. నెలకి 28 రోజులే, నెల మారితే చెట్లు చచ్చిపోతాయి. కాసేపు పెదాలు కదిలించి, "ఒకటో తారీఖు వేస్తే ఎనిమిది కోతలొస్తయ్. మొదటి కోతకే విత్తనం వచ్చేసిద్ది. మనకి నాలుగు కోతలకే కూలీలు దొరికి చావట్లా" అన్నాడు. నేను ఆ లెక్కకి ఇంటర్నెట్‌లో వెతుక్కున్నాను.

"రేపు వాన ఉందా?"

"టీవీలో చెప్తారు. చెప్తే పడుద్ది."

"పడుద్దా!"

"పడుద్ది."

"పురుగు?"

"కాకులొస్తయ్. దిష్టిబొమ్మ పెడితే రావు."

"నల్ల తామర లేదా?" అన్నాడు. 2021లో ఆ పురుగు వచ్చి పూత మీద పూత రాలిపోయింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో కొత్త. ఫోన్‌లో విని "అయ్యో" అన్నాను, అంతే గుర్తు.

"లేదు నాన్నా."

"మరి కొనేదెవరు?"

ఇంటి ముందు ఒక పెట్టె ఉంటుంది, కోసినవి అందులో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బులు పడతాయి అని చెప్పాను. తరుగు లేదు, కమీషను లేదు. నాన్న కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అందరూ మిరపే వేస్తే?"

"రేటు మారదు నాన్నా. ఒక కాయ అమ్మినా వెయ్యి కాయలు అమ్మినా అదే రేటు. ముందే రాసేసి ఉంటది. అయినా ఊళ్ళో పంట వేసేది నేనొక్కణ్ణే."

"మరింకేం" అన్నాడు.

ఎందుకో అప్పుడు అడిగాను, మన టిక్కీలు ఎన్ని ఉన్నాయి కోల్డ్ స్టోరేజీలో అని. నూట పది అన్నాడు. పోయిన సీజన్ కాయ అంతా అక్కడే ఉంది. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన మిరప, 2025 ఫిబ్రవరికల్లా ఎంత పడిందంటే, కేంద్రం 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. ఇవన్నీ నేను ఆ రాత్రి నాన్న పడుకున్నాక ఫోన్‌లో చదివి తెలుసుకున్నవే. ఏ ఆట ఏ సేల్‌లో ఎంతకి తగ్గిందో గ్రాఫ్ గీసి చూపించే సైటు నా బుక్‌మార్కుల్లో మూడేళ్ళ నుంచీ ఉంది. నన్ను బీటెక్ చదివించిన పంట ధర మాత్రం నేను ఒక్కసారి కూడా వెతకలేదు. ఎకరానికి పెట్టుబడి ఎంత అని అడిగితే, "రెండు లక్షల పైమాటే, ఎందుకురా ఇప్పుడు" అన్నాడు. నెలనెలా ఇంటికి డబ్బులు వేస్తున్నాను కదా, అడగాల్సిన పని లేదనుకునేవాణ్ణి.

"వచ్చే ఏడు దిగువ చేను రెండెకరాలూ కౌలుకిచ్చేద్దామనుకుంటన్నా. నీకు చెబుదామనే చూస్తన్నా" అన్నాడు, స్క్రీన్ వైపు చూస్తూనే. ఆ చేలో బావి మా తాత తవ్వించింది. నేను ఏమనాలో తెలియక బటన్ నొక్కాను. స్క్రీన్ మీద నా మనిషి ఖాళీ నేల మీద గొడ్డలి వేశాడు. "పార ఎత్తాల్సిన చోట గొడ్డలేందిరా" అని నాన్న లేచి వెళ్ళి పడుకున్నాడు.

కనుమ నాడు ఇద్దరం బండి మీద ఆ చేలోకి వెళ్ళొచ్చాం. కాయ ఎరుపెక్కుతోంది. మొదటి కోతకి మనుషుల్ని మాట్లాడాడు. కౌలు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

హైదరాబాద్ వచ్చాక నాన్న ఫోన్ చేశాడు. కూలి ఎంత పలుకుతోందో, ఏ రోజు కోతో చెప్పాడు. నేను అడగకుండానే. చివర్లో, "ఆ కాయలు కోశావా, ఇంకా అట్టాగే ఉంచావా? ముదిరితే రేటు రాదు" అన్నాడు.

"ఇందులో ముదరవు నాన్నా. నెల మారేలోపు ఎప్పుడైనా కోసుకోవచ్చు."

"అయితే ఇరవయ్యేడుకి చివరి కోత. మర్చిపోబాక" అన్నాడు.

టిక్కీల సంగతి అడిగాను. ఇంకో వారం చూద్దాం అన్నాడు.