గోడ మీద కాంచనమాల

తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు కాంచనమాలను తొలి గ్లామర్ తార అంటారు. ఆ తర్వాత ఆమె కళ్ల గురించి ఓ వాక్యం, మతి చలించడం గురించి ఇంకో వాక్యం. ఆ రెండింటి మధ్యా ఒక మనిషి బతుకుంది. ఆమెది మా తెనాలి ప్రాంతం. అందుకేనేమో, ఆ ఖాళీ నన్నెప్పుడూ గుచ్చుతూనే ఉంటుంది.

1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లింది. కథ చలానిది. ఆయనా తెనాలిలో పెరిగినవాడే. అందులో ఆమె శంపాలత. బ్రాహ్మణ యువకుణ్ని ప్రేమించి, అతనితో కలకత్తా వెళ్లి చదువుకునే మాల యువతి. అదే ఏడాది వచ్చిన 'గృహలక్ష్మి'లో ఇల్లాలు కన్నాంబ అయితే, ఆ సంసారంలో చిచ్చుపెట్టే స్త్రీ కాంచనమాల. ఒకే ముఖం, ఒకచోట సంస్కరణకు జెండా, ఇంకోచోట సంసారానికి గండం.

ఆమె బొమ్మతో అచ్చేసిన క్యాలెండర్లు అప్పట్లో తెగ అమ్ముడుపోయాయి. మా అమ్మమ్మ రేపల్లె దగ్గర పల్లెకు కాపురానికొచ్చేసరికి, మామగారి సావిట్లో ఒకటి వేలాడుతూ ఉండేదట. "మగాళ్లు ఆ బొమ్మ కింద కూచునే లెక్కలు చూసుకునేవాళ్లు. మమ్మల్ని మాత్రం సినిమాకి పంపలా. అట్టాంటోళ్లని చూస్తే ఆడాళ్లు చెడిపోతారన్నారు" అనేది. పొలం పనికొచ్చే మాలపల్లె ఆడవాళ్లు అరుగు కింద నిలబడే కూలి పుచ్చుకునేవారట. మాలపిల్ల బొమ్మ గోడెక్కింది. మాలపిల్ల మాత్రం అరుగైనా ఎక్కలేదు.

1942లో జెమిని వారి 'బాలనాగమ్మ' ఘనవిజయం సాధించింది. ఆ చిత్రంతోనే ఆమె వెలుగు ఆగిపోయింది. జెమిని అధిపతి ఎస్.ఎస్. వాసన్‌తో విభేదాలు వచ్చాయనీ, ఒప్పందం ఆమె కాళ్లకు బంధమైందనీ చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత భర్త పోయాడు. ఆమె మనసు చెదిరింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1963లో, నటి లక్ష్మీరాజ్యం తాను నిర్మించిన 'నర్తనశాల'లో చిన్న పాత్ర ఇచ్చి ఆమెను మళ్లీ కెమెరా ముందుకు తెచ్చింది. ఒకనాటి తారను గుర్తుపెట్టుకుని పిలిచింది సాటి నటే. 1981లో కాంచనమాల కన్నుమూసింది.

ఇందులో ఒప్పందం తగాదా పనికి సంబంధించినది. ఎవరి దగ్గర పనిచెయ్యాలి, ఎప్పుడు మానెయ్యాలి అన్న హక్కుకు సంబంధించినది. కానీ మన దగ్గర అది అందగత్తె పతనం కథగా చెలామణీ అవుతోంది. కూలి తగాదాని కర్మఫలంగా చెప్పడం ఆడవాళ్ల విషయంలో ఎంత తేలికో!

బాపట్లలో పాఠాలు చెబుతున్న రోజుల్లో నా విద్యార్థిని ఒకమ్మాయి తెనాలిలోని ఓ చీరల కొట్టుకి ఫోటోలు దిగింది. ఫ్లెక్సీ వీధిలో కట్టిన వారానికే కుదిరిన సంబంధం వెనక్కిపోయింది. అబ్బాయి తరఫువాళ్లు పెళ్లి చీరలు కొన్నది ఆ కొట్లోనే. తల్లిదండ్రులు కాలేజీ మాన్పిస్తామన్నారు. స్టాఫ్ రూములోనూ "ముందే ఆలోచించుకోవాల్సింది" అన్నవాళ్లున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లింటికి వెళ్లి రెండు గంటలు మాట్లాడాను. పరీక్షలదాకా ఉండనిచ్చారు. అంతే సాధించగలిగాను.

వస్తుంటే ఆ పిల్ల బస్టాండు దాకా వచ్చింది. "నేను చేసింది తప్పా మేడం?" అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "అయిదు వేలిస్తామన్నారు మేడం, రెండే ఇచ్చారు. మిగతాది ఎట్లా అడగాలి?" అంది.

కాంచనమాల గురించి నేను చదివినవాటిలో ఆమె కళ్లను వర్ణించనివాళ్లు లేరు. ఆ క్యాలెండర్ల సొమ్ములో ఆమెకెంత ముట్టిందని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదు.