దొరసానమ్మ గారి డిసెంబరు

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ‘మిషను’ అన్న మాట వినని మనిషి అరుదు. మిషను బడి, మిషను ఆసుపత్రి, మిషను బంగళా! ఆ బంగళాల్లో కాపురమున్న తెల్లవాళ్ళు మనవాళ్ళకు దొరలు, దొరసానమ్మలు. వాళ్ళ అసలు పేర్లకు నోరు తిరగదు గదా, అంచేత పేరుతో పని లేకుండానే తరాలు గడిచిపోయాయి. క్రిస్మస్ వచ్చిందంటే నాకు వాళ్ళ ఘనకార్యాల కంటే వాళ్ళ మామూలు రోజులే జ్ఞాపకానికొస్తాయి. పాతికేళ్ళ మనిషి, కన్నవాళ్ళను విడిచి, సముద్రాలు దాటి ఈ చోటికి వచ్చి, డిసెంబరు నెల ఎలా వెళ్ళబుచ్చి వుంటుంది?

ఈ రాకపోకలు ఈనాటివి కావు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయింది 1812లో. అచ్చు పుస్తకం చేత్తో పట్టుకునే భాగ్యం ఇద్దరికీ లేకపోయింది.

ఆ తరువాత వచ్చినవాళ్ళు కెనడా తూర్పు తీరం బాప్టిస్టులు. నోవా స్కోషియా వైపు నుంచి 1873లో బయలుదేరి ముందు సయాం వెళ్ళారు. అక్కడ పని సాగక 1875లో తెలుగుదేశం చేరారు. భీమునిపట్నం, చికాకోలు (అదే మన శ్రీకాకుళం), బొబ్బిలి వాళ్ళ తొలి మజిలీలు. బొబ్బిలిలో స్థిరపడిన జార్జి చర్చిల్ భార్య మటిల్డా ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘ఇండియాలోని నా ఇంటి నుంచి ఉత్తరాలు’. నన్ను పట్టుకున్నది ఆ ‘నా ఇల్లు’ అన్న మాటే. మంచు దేశంలో పుట్టిన మనిషికి మన బొబ్బిలి ఎప్పుడు, ఎలా ‘నా ఇల్లు’ అయింది?

ఒక్క రోజులో అయి వుండదు. కొత్తగా వచ్చిన వాళ్ళకు మొదటి పని తెలుగు నేర్చుకోవడం. పొద్దున్నే మున్షీ వస్తాడు. ‘ల’కూ ‘ళ’కూ తేడా పలికిస్తాడు. ఎవరిని ‘నువ్వు’ అనాలో, ఎవరిని ‘మీరు’ అనాలో చెబుతాడు. అక్కడితో తీరిందా? మున్షీ నేర్పేది పుస్తకాల తెలుగు. సంతలో వినబడేది “ఏటి సేస్తన్నావు? ఎక్కడికెల్తన్నావు?” అనే తెలుగు. గ్రాంథికం వల్లించుకుని పల్లెకు వెళితే అటు వాళ్ళకు ఇటు మాట అర్థం కాదు, ఇటు వాళ్ళకు అటు మాట అర్థం కాదు. పరాయివాడికి ఎదురైన ఈ చిక్కు మనకూ మేలే చేసింది సుమా! యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుకు కలిగిన ఇలాంటి సందేహమే మన గిడుగు రామమూర్తి పంతులు గారి (1863–1940) వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ. గిడుగు వారిది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేట.

ఇక క్రిస్మస్. అక్కడ మంచు కురిసే రోజులు. ఇక్కడ వరికోతలు ముగిసి కుప్పలు నూర్చే రోజులు. చలికాలమే వూళ్ళు తిరగడానికి అనువైన కాలం కనుక, గుడారాలు బండి మీద వేసుకుని పల్లెల వెంట పడే కాలమూ అదే. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే నెల పైమాటే. అంటే పండగనాడు విప్పిన ఉత్తరంలో అమ్మ రాసింది శరత్కాలం కబురన్న మాట. దానికి రాసే జవాబు చేరేసరికి అక్కడ పండగ ఊసే వుండదు. పాడుకునే పాటలైనా తమవేనా? పర్లాకిమిడి తాలూకాలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు అప్పటికే మన సంఘాల్లో పాడుతున్నారు. నేర్పడానికొచ్చిన వాళ్ళు నేర్చుకుని గొంతు కలపవలసి వచ్చింది!

వాళ్ళను పొగడడమే నా ఉద్దేశం కాదు. వాళ్ళు వచ్చింది మతం చెప్పడానికి. ఆ సంగతి వాళ్ళు దాచలేదు. “మందు ఎర, మతం గాలం” అని మా నాన్న గారు అనేవారు. ఆ మాటలో నిజం బొత్తిగా లేదనలేను. కానీ మా నాన్నమ్మ కథ వేరు. ఆమెకు రెండు కళ్ళూ శుక్లాలు కమ్మితే సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. కెనడా డాక్టరు బెన్ గలిసన్ గారు పనిచేసిన ఆసుపత్రి అది. ఆయన 1963లో కాల్గరీలో చేసిన ప్రసంగం విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి మొదలుపెట్టినదే ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ. నాన్నమ్మకు అదేమీ తెలియదు. “మతం మారమన్నారా?” అని నాన్న గారు నిలదీస్తే ఆమె అన్నదట: “పార్దన సేసినారు, ఇన్నాను. ఇంటికొచ్చి మన దేవుడికి దణ్ణం ఎట్టుకున్నాను. ఆ బాబు నా బాస మాటాడినాడు, నా పక్కన కూకున్నాడు. ఆడు మనోడేరా!”

నాన్న గారి వాదం నాకు తెలుసు, నాన్నమ్మ చూపూ తెలుసు. రెండింటిలో ఒకటి కొట్టెయ్యమంటే నా వల్ల కాదు.

ఇంకో సంగతి. మనం ఎప్పుడూ వచ్చిన వాళ్ళ మాటే చెప్పుకుంటాం, వెళ్ళిన వాళ్ళను మరిచిపోతాం. చికాకోలులో తెలుగు నేర్చిన ఆర్మ్‌స్ట్రాంగు దంపతులు 1880లలో బర్మా వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్య పనిచేశారు. మనవాళ్ళు ‘రంగం’ పోతే, మన భాష మాట్లాడే తెల్లవాళ్ళు కూడా అక్కడ కనిపించారన్న మాట. 1903లో నెల్లూరు సీమ నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళారు. పంపింది తెలుగువాళ్ళ సొసైటీయే. ఆ డిసెంబరు నెలాఖరులో కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. అక్కడ డిసెంబరు నడి వేసవి! తోటల్లో కూలికి పోయిన వాళ్ళ మధ్య మండుటెండలో తొలి క్రిస్మస్ గడిపిన ఆ తెలుగు మనిషికి ఎవరు గుర్తొచ్చి వుంటారు?

మిత్రులారా! మన జిల్లాల నుంచి ఇవాళా గల్ఫుకు, హైదరాబాదుకు, చెన్నైకి బతుకుదెరువు కోసం పోతూనే వున్నారు. మా వీధి కుర్రాళ్ళే ముగ్గురు సంక్రాంతికి ఫోనులో మొహాలు చూపించి సరిపెడుతున్నారు. వాళ్ళు మతం చెప్పడానికి వెళ్ళలేదు, అప్పు తీర్చడానికి వెళ్ళారు. అయినా ఆ పండగపూట దిగులులో నాకు తేడా కనబడదు. అక్కడెక్కడో ఒక ముసలమ్మ వాళ్ళ వచ్చీరాని మాటలు విని, “ఈడు మనోడే” అని తన భాషలో అనుకుంటే చాలునని నా ఆశ.