తగ్గిపోయిందని వదిలేసిన తిమ్మిరి

దానంతటది తగ్గిపోతే అది రోగం కాదని మన ఇళ్లలో ఒక లెక్క. జలుబుకీ ఒళ్లు నొప్పులకీ ఈ లెక్క సరిపోతుంది. అందుకే తరతరాలుగా నిలిచింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలో మాత్రం ఇదే మనిషిని ముంచుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో నరాలకు తొడుగులా ఉండే మైలిన్ పొరను దెబ్బతీసే జబ్బు ఇది. ఎక్కువగా 20, 40 ఏళ్ల మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు అధికంగా మొదలవుతుంది. చాలామందిలో ఒక దాడి వచ్చి, కొన్ని వారాలుండి, మందు వేసినా వేయకపోయినా సద్దుమణుగుతుంది. వాపు తీస్తుంది, పొర కొంత మళ్లీ అల్లుకుంటుంది. లోపల మచ్చ మిగిలే ఉంటుంది. తగ్గిపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. అలాంటిదాన్ని జబ్బు లేదనడానికి సాక్ష్యంగా తీసుకుంటున్నాం.

ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు అగస్టస్ డెస్టే రాసుకున్న డైరీ ఇందుకు పాత దాఖలా. 1822 డిసెంబరులో, 28 ఏళ్ల వయసులో, స్కాట్లండులో ఒక ఆప్తుడి అంత్యక్రియలయ్యాక ఆయన చూపు మసకబారింది. తనకొచ్చిన ఉత్తరాలు వేరొకరు చదివిపెట్టాల్సి వచ్చింది. ఏ వైద్యమూ లేకుండానే చూపు తేరుకుంది. అయిదేళ్ల తర్వాత ఫ్లోరెన్సులో ఒకటి రెండుగా కనిపించడం, కాళ్లలో బలం పోవడం మొదలయ్యాయి. చివరికి చక్రాల కుర్చీ. ఈ జబ్బును ఫ్రెంచి వైద్యుడు షార్కో విడిగా గుర్తించి వర్ణించింది 1868లో, డెస్టే పోయిన ఇరవయ్యేళ్లకు. కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. ఎమ్మారై ఉన్న కాలంలో బతుకుతున్న మనకు ఆ సాకు లేదు.

అయినా మన దగ్గర వేరే సాకులకు కొదవ లేదు. కాలు మొద్దుబారితే నరాల బలహీనత, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బి కాంప్లెక్స్. కన్ను మసకైతే సెల్‌ఫోను. లేవలేనంత అలసటైతే రక్తం తక్కువ. వీటన్నిటికంటే బలమైన సాకు ఎండ. మైలిన్ దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతం తడబడుతుంది. శ్రమ పడ్డాక ఇలాంటి రోగుల చూపు మసకబారడాన్ని ఊటాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే నమోదు చేశాడు. రోహిణి కార్తెలో కాళ్లు తేలిపోయి, నీడపట్టున కూర్చోగానే సర్దుకుంటే 'వేడి చేసింది' అంటారు. ఆ మాటలో సగం నిజముంది, అందుకే అంత తేలిగ్గా నమ్ముతాం. ఆ వేడికి పక్కవాళ్లకు చెమటలు మాత్రమే పడుతుంటే ఈ మనిషి కాళ్లెందుకు తేలిపోయాయన్నది ఎవరూ అడగరు.

ప్రతి తిమ్మిరికీ న్యూరాలజిస్టు దగ్గరికి పరిగెత్తాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో తిమ్మిర్లకు మధుమేహం, బి12 లోపం, నరం నొక్కుకుపోవడం చాలా ఎక్కువగా కారణాలు. కానీ వాటిక్కూడా పరీక్ష కావాలి. అవి మామూలు జబ్బులైనంత మాత్రాన వదిలేయడం ఒప్పు కాదు. భయపడమని నేననడం లేదు, తీరు గమనించమంటున్నాను. ఒక రోజుకు మించి విడవకుండా ఉందా? ఒక్క కంట్లోనే చూపు తగ్గి, కన్ను తిప్పితే నొప్పి పుట్టి, ఎరుపు వెలిసినట్టు కనిపిస్తోందా? మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టుందా? ఉంటే తేదీ రాసి పెట్టుకుని డాక్టరుకు చూపించాలి. కంటి సంగతైతే ఆలస్యం అసలే పనికిరాదు. రాత వృథా పోదు. దాడులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల జరిగాయని తేల్చడం మీదే రోగ నిర్ధారణ చాలావరకు ఆధారపడుతుంది. ఎప్పుడో వచ్చి పోయిన మొద్దుబారడం అక్కడ విలువైన ఆధారం. మరిచిపోయినవాళ్లు దాన్ని డాక్టరుకు చెప్పలేరు.

పూర్తిగా నయం కానిదాన్ని తెలుసుకుని ఏం లాభమన్నది ఇంకో వాదన. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటాకు అనుమతి దొరికింది మొదలు, దాడుల్ని తగ్గించే మందులు చాలా వచ్చాయి. తొలి దాడి తర్వాతే మొదలుపెడితే రెండోది ఆలస్యమవుతుందని పరీక్షల్లో తేలింది. ఖరీదు మాట నిజం. ఆ భారం తగ్గించమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిందే. ఆ ఖరీదుకంటే, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయి కంటి సంగతి దాచిపెట్టడమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఈ జబ్బుతో ఉన్న స్త్రీలు పిల్లల్ని కంటున్నారు; కడుపుతో ఉన్న చివరి మూడు నెలల్లో దాడులు తగ్గుతాయి, ప్రసవమయ్యాక కొన్ని నెలలు పెరుగుతాయి. గర్భానికి ముందే ఆపాల్సిన మందులూ ఉన్నాయి. దాచిపెట్టిన ఇంట్లో ఆ అమ్మాయికి ఇవేవీ చెప్పేవాళ్లుండరు.