గీత యాడికి రావల్ల?

మన క్లాసులో ఒకమ్మాయి మెడలో మూడు రెక్కల లాకెట్ మీరూ చూసుంటారు. సెల్టిక్ నాట్ అంట, ఐర్లండు డిజైను. నాకు మాత్రం అది మా అవ్వ వేసే మెలికల ముగ్గు మాదిరే కనిపించింది. నవ్వుతారని అప్పుడు అనలేదు.

రాత్రి ఫోన్లో వెతికినా. డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ వాళ్ళ దగ్గర బుక్ ఆఫ్ కెల్స్ అని సుమారు క్రీ.శ. 800 నాటి సువార్తల గ్రంథం ఉంది. దాంట్లో అక్షరాల చుట్టూ అంతా ఈ అల్లికలే. 1850లో బెట్టీస్‌టౌన్ సముద్రపొడ్డున దొరికిన తారా బ్రోచ్ మీదైతే వెంట్రుకల్లాంటి బంగారు తీగలతో అల్లినారు. వాళ్ళ తీగ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతుంది. మన పిండిగీతకు పైనా కిందా లేదు, అంతే తేడా.

మా అవ్వది రాయదుర్గం. పెళ్ళయి బళ్ళారికొచ్చింది. మా వీధిలో కన్నడం వాళ్ళు రంగోలి అంటారు గానీ, పండగొస్తే మెలికలు నేర్చుకోను అవ్వ దగ్గరికే వచ్చేవాళ్ళు. "గీత యాడ మొదలైతే ఆడికే రావల్ల" అనేది. నన్నూ పిలిచేది. "పరీక్షలున్నాయి అవ్వా" అనేదాన్ని. పరీక్షలు లేనప్పుడు కూడా అట్లే అనేదాన్ని.

పోయినేడాది అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాటా పోయింది.

ఈ సంక్రాంతికి వాకిట్లో నేనే కూర్చున్నా. వరసకు 5 చుక్కలు, 5 వరసలు. చుక్కల నడుమ ఏటవాలుగా పోయి, అంచు వస్తే తిరగడం, నేను చూసింది అంతే. గీత మధ్యలోనే మూసుకుపోయింది. మళ్ళీ మొదలుపెడితే ఇంకొకటి. మొత్తం 5 విడివిడి గీతలు తేలినాయి. చెరిపి 4 వరసలకు 4 చుక్కలు పెట్టినా, 4 గీతలు. ఏడుపొచ్చింది. మళ్ళీ 5కు 5 పెట్టి, గీయకుండా కూర్చున్నా.

గడప దగ్గర కుర్చీలో నుంచి అవ్వ సైగ చేసింది. పట్టుకొని దించినా. ఎడమ అరచేత్తో కిందివరస చుక్కలు తుడిచేసింది. మిగిలింది 5కు 4. పిండి తీసుకొని పోతే, అన్ని చుక్కలూ చుట్టి, మొదలుపెట్టిన చోటికే వచ్చింది గీత. ఒక్కటే గీత!

తర్వాత మ్యాథ్స్ చదివే స్నేహితురాలు చెప్పింది, ఇట్లాంటి ముగ్గులో రెండువైపుల చుక్కల లెక్కకు గ.సా.భా. ఎంతో అన్ని గీతలు వస్తాయంట. 5కు 4కు అది 1. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ వాళ్ళు 1970లలోనే ముగ్గుల మీద గణితం రాసినారంట. అవ్వ బడికి పోలేదు.

ఆ లాకెట్ ఒకరోజుకు అడిగి తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టినా. బొటనవేలితో గీత వెంబడి మెల్లగా పోయింది. మూడు రెక్కలూ తిరిగి మొదటికి రాగానే తల ఊపి, నాకిచ్చేసింది.