ఎవరిని దాటావు?

మా పెద్దబ్బాయి ఎనిమిది వందల మీటర్ల పరుగు సాధన చేస్తాడు. ఫజ్ర్ నమాజు ముగించుకుని తిరుపతిలోని మైదానానికి వెళ్లి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరుతాడు. రాగానే నేను అడిగేది ఒక్కటే: "ఈరోజు ఎవరిని దాటావు?" ఆ ప్రశ్నలో తప్పుందని నాకెన్నడూ తోచలేదు.

గత వేసవిలో అతని సంచిలో పేరు గానీ వివరాలు గానీ లేని పొడి డబ్బా కనిపించింది.

"ఇదేమిటి బేటా?"

"జిమ్ములో తెలిసినవాడు ఇచ్చాడబ్బా. త్వరగా బలం వస్తుందట. ఇంకా తాగలేదు."

"ఇందులో ఏముందో అడిగావా?"

అతడు తల వంచుకున్నాడు. "లేదు. పోటీలకు నెలే ఉంది. ఈసారీ వెనకబడితే మీకే ముఖం చూపించను?"

డబ్బా తెచ్చింది అతడే. కానీ అది తెచ్చుకోవాలన్న ఆరాటాన్ని పెంచింది నా ప్రశ్న.

తెలియక తీసుకున్నా నిబంధనలు మన్నించవు. పొరుగునున్న కర్ణాటకకు చెందిన అశ్విని అక్కుంజి 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచింది. 2011లో ఆమె నమూనాలో నిషేధిత స్టెరాయిడ్ బయటపడింది. శిక్షకుడు ఇచ్చిన పోషక పదార్థాల్లో అది ఉందని తెలియదని ఆమె చెప్పుకున్నది. అయినా నిషేధం తప్పలేదు. శరీరంలో దొరికిన ప్రతి పదార్థానికీ క్రీడాకారులే జవాబుదారులు.

క్రీడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రేరణలో రెండు తీరులు చూస్తారు. నిన్నటి తనను మించాలన్నది ఒకటి. ఎదుటివాడిని మించి కనిపించాలన్నది మరొకటి. రెండవదే బలంగా ఉన్నవారిలో నిషిద్ధ మందుల పట్ల మొగ్గు ఎక్కువని వారి పరిశీలన. సహజమే కదా! నలుగురి మెప్పే గమ్యమైతే మందు దగ్గరి దారిగా తోస్తుంది. తన శక్తి ఎంతో తెలుసుకోవడమే గమ్యమైతే మందు ఆ లెక్కనే తారుమారు చేస్తుంది. నియ్యత్ గురించి చిన్ననాటి నుండి వింటున్న నేను, నా బిడ్డ పరుగు వెనుకనున్న నియ్యత్‌ను ఏనాడూ విచారించలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఆ పొడిని పారబోశాము.

పోటీలో అతనికి ఆరో స్థానం వచ్చింది. గుమ్మంలో నిలబడిన బిడ్డను చూడగానే పాత ప్రశ్న నాలుక చివరకు వచ్చింది. దానిని మింగుకొని మంచినీళ్లు అందించి, "చివరి రెండు వందల మీటర్లలో ఊపిరి ఎలా ఆడింది బేటా?" అని అడిగాను.

అతడు అరగంట సేపు చెబుతూనే ఉన్నాడు.